ఓనర్ దగ్గర రెండో తాళంచెవి ఉన్న అద్దె ఇంటికి ఏం కొనాలి: అన్నీ వాడి చూశాక నా రివ్యూ

మీ అద్దె ఇంటి మెయిన్ డోర్‌కి బయటివైపు తాళంకప్ప వేసుకునే పెద్ద గడియ ఉంటే ఈ రివ్యూ అంతా చదవక్కర్లేదు. మంచి తాళంకప్ప ఒకటి సొంతంగా కొనుక్కుని వేసుకోండి, ఓనర్ ఇచ్చిన తాళాన్ని అటక మీద పెట్టేయండి, అక్కడితో సరి. మిగతాదంతా తలుపులోనే తాళం బిగించి ఉన్నవాళ్ల కోసం, అందులోనూ చేరిన రోజున "ఒక తాళంచెవి మా దగ్గర ఉంటుందమ్మా, ఎమర్జెన్సీకి" అన్న మాట విన్నవాళ్ల కోసం.

మాది కూకట్‌పల్లి వైపు ఒక జీ ప్లస్ త్రీ బిల్డింగ్. కింద ఓనర్లుంటారు, పైన మూడు ఫ్లోర్లలో అద్దెకున్నవాళ్లం. ఇంటికి వంక పెట్టడానికి లేదు. గాలి, వెలుతురు, మంజీరా నీళ్లు, బండి పెట్టుకోడానికి చోటు అన్నీ ఉన్నాయి, అద్దె కూడా ఆ ఏరియాకి న్యాయంగానే ఉంది. ఇద్దరం ఉద్యోగాలకి పోతాం, పొద్దున తాళం వేస్తే మళ్లీ తీసేది చీకటి పడ్డాకే. మేం లేనప్పుడు మనుషులు వచ్చి వెళ్తున్నారని ఎలా తెలిసిందంటే, ఓనర్ ఆంటీ ఒకరోజు మెట్ల దగ్గర కనపడి, చాలా ప్రేమగా, "ఫ్రిజ్‌లో వంకాయలు వాడిపోతున్నాయమ్మా, చూసుకోవట్లేదా" అన్నారు.

ఇక అక్కడి నుంచి అన్నీ కనపడ్డం మొదలైంది. ఆపి వెళ్లిన బాత్రూం లైటు వెలుగుతూ ఉంటుంది, కిచెన్‌లో చెప్పుల అచ్చులుంటాయి, డస్ట్‌బిన్ మూత పక్కన పెట్టి ఉంటుంది. చేరేటప్పుడే నాన్‌వెజ్ వండకూడదన్నారు, సరేనన్నాం, వండట్లేదు కూడా, ఆదివారం వస్తే బయటే తినొస్తాం. అయినా ఆ డస్ట్‌బిన్‌లో ఎవరు ఏ బొమిక కోసం వెతికారో దేవుడికే తెలియాలి. మా ఆయన వెళ్లి మర్యాదగానే అడిగితే అంకుల్ ఏమాత్రం తడుముకోలేదు. "అదేంటి బాబూ, మా ఇల్లు మేం చూసుకోకూడదా? మీరేమైనా పరాయివాళ్లా, మా పిల్లల్లాంటివాళ్లు."

మా పిల్లల్లాంటివాళ్లు అన్నాక ఇంకేం మాట్లాడతాం? గట్టిగా అంటే మనకి పెద్దవాళ్లతో మాట్లాడటం రాదని బిల్డింగ్ మొత్తం అనుకుంటుంది, ఊరుకుంటే మళ్లీ వస్తారు. ఖాళీ చేద్దామంటే మళ్లీ టులెట్ బోర్డులు వెతకడం, బ్రోకర్‌కి ఒక నెల అద్దె, సామాన్ల లారీ. అందుకని మాటలు ఆపి వస్తువుల మీద పడ్డాం.

మొదట కొన్నది కెమెరా. వైఫైతో నడిచే, తల తిప్పే ఇండోర్ కెమెరా, మెమరీ కార్డుతో కలిపి ఇంచుమించు రెండున్నర వేలు అయింది. వస్తువుగా చూస్తే బాగుంది, బొమ్మ స్పష్టంగా ఉంటుంది, చీకట్లో కూడా మనిషి మొహం తెలుస్తుంది, ఎవరైనా కదిలితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. ఒకరోజు ఆఫీసులో మీటింగ్ మధ్యలో ఫోన్ మోగితే తీసి చూశాను. అంకుల్ చెప్పులతో లోపలికొచ్చారు, కిచెన్‌లో ట్యాప్ తిప్పి చూశారు, బాల్కనీ తలుపు లాగి చూశారు, తర్వాత ఫ్యాన్ వేసుకుని మా సోఫాలో కూర్చుని ఎవరితోనో ఫోన్లో స్థలం రేట్లు మాట్లాడుకున్నారు. దొంగతనం లేదు, దురుద్దేశం కూడా ఉందని అనను. ఆయనకి అది ఇంకా ఆయన ఇల్లే, అంతే. కానీ మీటింగ్‌లో కూర్చుని మన హాల్లో వేరే మనిషి కాలు మీద కాలేసుకుని ఉండటం చూస్తుంటే కడుపులో తిప్పేస్తుంది, అది మాత్రం వస్తువుల రివ్యూల్లో ఎవరూ రాయరు.

కెమెరాతో అసలు ఇబ్బంది తర్వాత తెలిసింది. మీటర్ బోర్డులన్నీ కింద మెట్ల పక్కనే, అందరి మెయిన్ స్విచ్‌లూ అక్కడే. కెమెరా సంగతి బయటపడ్డాక మధ్యాహ్నం పూట కేవలం మా ఫ్లోర్‌కే కరెంటు పోవడం మొదలైంది. కరెంటు లేకపోతే రౌటర్ లేదు, రౌటర్ లేకపోతే మెసేజ్ లేదు, యాప్‌లో ఆఫ్‌లైన్ అని మాత్రం కనపడుతుంది. దీనికీ విరుగుడు ఉంది, రౌటర్‌కి 12 వోల్టుల చిన్న యూపీఎస్ దొరుకుతుంది, కెమెరాకి యూఎస్‌బీ వైరే కాబట్టి పవర్ బ్యాంక్ పెట్టుకోవచ్చు. పెట్టాం కూడా. కానీ కాస్త ఆలోచించండి, మన ఇంట్లోకి ఇంకొకరు రాకుండా ఉండటానికి యూపీఎస్‌లు కొనే స్థితికి వచ్చామంటే ఆ కెమెరా చూపించడమే తప్ప ఆపట్లేదన్నమాట. పైగా అది మనల్నీ చూస్తుంటుంది. ఇంటికి రాగానే దాన్ని గోడవైపు తిప్పడం, పొద్దున మళ్లీ తలుపు వైపు తిప్పడం ఒక పని అయిపోయింది, మా అత్తయ్య వచ్చినప్పుడైతే దాని మీద టవల్ కప్పేశారు, ఉన్నన్నాళ్లూ తియ్యనివ్వలేదు. తలుపు బయట కారిడార్‌లో బిగిద్దామంటే ఎదురు పోర్షన్ వాళ్ల గుమ్మం కూడా అందులో పడుతుంది, వాళ్లని అడక్కుండా పెడితే మనకీ అంకుల్‌కీ తేడా ఉండదు.

రుజువు కోసం కెమెరా కొనేవాళ్లకి ఒక్క మాట. వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసుకున్న క్లిప్ ఉంది కదా అని ధీమాగా ఉండకండి. ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం, ఆ రికార్డు ఏ పరికరం నుంచి ఎలా వచ్చిందో ధ్రువీకరించే సర్టిఫికెట్ ఉండాలి, పాత సాక్ష్యాధారాల చట్టంలో లాయర్లు 65బీ అనేవాళ్లే, అదే. మెమరీ కార్డు చెరిగిపోకుండా తీసి దాచుకోండి. కెమెరాకి నా మార్కులు 5కి 3.

తర్వాత తలుపు తెరుచుకుంటే ఫోన్‌కి చెప్పే అయస్కాంతం సెన్సార్ ఒకటి కొన్నాం. తలుపుకి ఒక ముక్క, ఫ్రేముకి ఒక ముక్క అంటించాలి. పనిచేస్తుంది, కానీ ఎవరు తెరిచారో చెప్పదు, పనమ్మాయి వచ్చినా అదే మెసేజ్, అత్తయ్య పాల కోసం తలుపు తీసినా అదే మెసేజ్. ఇదీ వైఫైదే, కాబట్టి కింద మెయిన్ ఆపితే దీని కథా అంతే. 5కి 2.

అందరూ కొనాలని గట్టిగా చెప్పేది మాత్రం దాని చవక తమ్ముణ్ణి. అదీ అయస్కాంతమే, కానీ వైఫై లేదు, యాప్ లేదు, లోపల చిన్న బ్యాటరీలు, తలుపు కదిలితే కుయ్యిమని చెవులు పగిలేలా అరుస్తుంది. ఆన్‌లైన్‌లో 300 లోపు దొరికింది. ఊరెళ్లే ముందు స్విచ్ ఆన్ చేసి తలుపు దగ్గరికి లాగి తాళం వేస్తే చాలు, మనం బయటికి వెళ్లడానికి కొన్ని సెకన్లు టైమిచ్చే మోడల్ తీసుకోండి, అది లేకపోతే మన చెవులే ముందు పోతాయి. సంక్రాంతికి మేం ఊళ్లో ఉండగా అంకుల్ ఫోన్. "ఏంటమ్మా ఆ మోత, ఇంట్లో బాంబేమైనా పెట్టుకున్నారా, అన్ని ఫ్లోర్ల వాళ్లూ వచ్చేశారు, దీన్ని ఎలా ఆపాలి?" నేను నిదానంగా, "మీరు లోపలికెందుకు వెళ్లారంకుల్?" అని మాత్రం అడిగాను. వెనకాల ఆ కుయ్యి మోతలో, పై ఫ్లోర్ ఆంటీ గొంతు, సెకండ్ ఫ్లోర్ బ్యాచిలర్ల నవ్వులు అన్నీ వినపడుతున్నాయి. ఆయన ఏదో పైపు లీకేజీ అన్నారు. ఆ తర్వాత చాలా రోజులు రాలేదు. రెండున్నర వేల కెమెరా చెయ్యలేని పని ఈ బొమ్మలాంటిది చేసింది, ఎందుకంటే కెమెరా చూస్తే మనకొక్కళ్లకే తెలుస్తుంది, ఇది అరిస్తే నలుగురికీ తెలుస్తుంది. 5కి నాలుగున్నర. ఆ అర ఎందుకు తగ్గించానంటే దీని అంటించే టేపు నాసిరకం, ఎండాకాలం ఊడిపోతుంది, మంచి డబుల్ సైడ్ టేపు వేరే కొనుక్కోవాలి.

ఇక అసలు మందు, తాళం మార్చడం. తాళం మొత్తం మార్చక్కర్లేదని చాలామందికి తెలియదు. ఈమధ్య కట్టిన ఇళ్లలో మెయిన్ డోర్‌కి ఉండే హ్యాండిల్ తాళంలో తాళంచెవి దూర్చే భాగం విడిగా వస్తుంది, దాన్నే సిలిండర్ అంటారు. తలుపు తెరిచి అంచున చూస్తే తాళం రేకు మధ్యలో, సిలిండర్ ఎత్తులో ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది, అది విప్పి, తాళంచెవి పెట్టి కొంచెం పక్కకి తిప్పి లాగితే సిలిండర్ చేతికొచ్చేస్తుంది. కొత్తది అలాగే పెట్టి స్క్రూ బిగించడమే. కార్పెంటర్ కూడా అక్కర్లేదు, స్క్రూడ్రైవర్ చాలు. కొలత మాత్రం చూసుకోవాలి, 60 ఎంఎం, 70 ఎంఎం ఎక్కువగా దొరుకుతాయి, స్క్రూ రంధ్రం నుంచి రెండు వైపులా ఎంతెంత ఉందో కొలవండి, లేదా పాతది జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి పట్టుకెళ్లండి, అంతకంటే తేలిక ఇంకోటి లేదు. కంపెనీని బట్టి వెయ్యి అటూ ఇటూగా వస్తుంది.

కొనేటప్పుడు షాపతను రెండు రకాలు చూపిస్తాడు. రెండు వైపులా తాళంచెవి పెట్టేది ఒకటి, బయట తాళంచెవి, లోపల నాబ్ ఉండేది ఒకటి. నాబ్ ఉన్నదే తీసుకోండి. అర్ధరాత్రి గ్యాస్ వాసనొచ్చో, షార్ట్ సర్క్యూట్ అయ్యో పరిగెత్తాల్సి వస్తే చీకట్లో తాళంచెవి వెతుక్కునే పని ఉండకూడదు. ఇంట్లో ఉన్నప్పుడు ఎవరైనా బయటి నుంచి తెరుస్తారన్న భయానికి మాత్రం సిలిండర్ ఒక్కటే చాలదు, లోపల గొళ్లెం వేసుకోవాల్సిందే. మా కొలీగ్ ఒకమ్మాయి ఒంటరిగా ఉంటుంది, స్నానం చేసి వచ్చేసరికి హాల్లో ఓనర్ గారి అబ్బాయి నిలబడి ఉన్నాడట, "కాలింగ్ బెల్ కొట్టాను, పలకలేదు" అన్నాడట. ఆ అమ్మాయి ఇంటి లోపల గొళ్లెమే లేదు, మర్నాడే రెండు పెట్టించుకుంది.

పాత ఇళ్లలో పొడుగాటి తాళంచెవితో తెరిచే లివర్ తాళాలుంటాయి, వాటిలో సిలిండర్ ఉండదు, మొత్తం మార్చాల్సిందే, దానికి తలుపు చెక్కాల్సి రావచ్చు, కాబట్టి ఓనర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు. సిలిండర్ సంగతి వేరు, ఒక్క గీత కూడా పడదు. అది మార్చడానికి 5కి 5 ఇస్తాను.

మార్చిన రోజే అంకుల్‌కి వాట్సాప్ పెట్టాను. దొంగచాటుగా చేయడం నాకిష్టం లేదు, రాతలో ఉండటం కూడా ముఖ్యం. "అంకుల్, మెయిన్ డోర్ సిలిండర్ మార్చుకున్నాం. పాతది భద్రంగా ఉంది, ఖాళీ చేసేటప్పుడు బిగించి ఇస్తాం. రిపేర్లకి రావాలంటే ఒకరోజు ముందు చెప్పండి, మేం ఉన్నప్పుడు రండి. మేం లేనప్పుడు లోపలికి రావొద్దు" అని. ఆ చివరి వాక్యం మా ఆయన వద్దన్నాడు, మరీ కటువుగా ఉందని. నేను తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదో చెప్తాను. అద్దె ఇల్లు ఓనర్‌ది కావచ్చు, స్వాధీనం మాత్రం మనది. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని సెక్షన్ 108 ఏం చెప్తుందంటే, అద్దె కడుతూ ఒప్పందం ప్రకారం నడుచుకుంటున్నంత కాలం ఆ ఇంటిని ఆటంకం లేకుండా అనుభవించనిస్తానని ఓనర్ మాటిచ్చినట్టే లెక్క. అగ్రిమెంట్‌లో వేరేలా రాసుకుంటే తప్ప ఇది దానంతటదే వర్తిస్తుంది. ఇక పాత ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 329, అక్రమంగా ఇంట్లో చొరబడితే ఏడాది వరకు జైలు లేదా 5,000 వరకు జరిమానా లేదా రెండూ అంటుంది, అది కూడా ఇల్లు ఎవరి పేరు మీద ఉందని చూడదు, ఎవరి స్వాధీనంలో ఉందని చూస్తుంది. కానీ అందులో ఒక మెలిక ఉంది. నేరం చేయాలనో, బెదిరించాలనో, అవమానించాలనో, వేధించాలనో ఉద్దేశం ఉండాలి. ట్యాప్ చూడ్డానికి వచ్చానండీ అనే పెద్దాయన మీద దాన్ని నిలబెట్టడం చాలా కష్టం, స్టేషన్‌కి వెళ్తే సివిల్ మ్యాటర్, మాట్లాడుకోండి అని పంపించేస్తారు. రావొద్దని రాతపూర్వకంగా చెప్పాక కూడా వస్తే అప్పుడు మన మాటకి కాస్త బలం వస్తుంది. ఆ ఒక్క వాక్యం అందుకే.

24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి కదా అని చాలామంది అంటుంటారు. అది 2021 జూన్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదించిన నమూనా అద్దె చట్టంలోది. రిపేర్లకో తనిఖీకో రావాలంటే 24 గంటల ముందు రాతపూర్వకంగా గానీ ఫోన్ మెసేజ్ లాంటి ఎలక్ట్రానిక్ పద్ధతిలో గానీ చెప్పాలి, కారణం, రోజు, టైము చెప్పాలి, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదు, అగ్నిప్రమాదం, వరద లాంటివైతే నోటీసు అక్కర్లేదు. చక్కటి రూలు. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. తెలంగాణలో ఉన్నది 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం, అది కూడా కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 దాటిన ఇళ్లకి వర్తించదు. కూకట్‌పల్లిలో 3,500కి ఇల్లు కాదు కదా, హాస్టల్లో మంచం కూడా రాదు. ఆంధ్రాలో ఉన్నవాళ్లకి 2017 నాటి వేరే చట్టం ఉంది, అక్కడి లాయర్‌ని అడగండి. ఇదంతా ఎందుకంటే, మన ఏరియాలో మనకి నిజంగా పనికొచ్చే కాగితం అగ్రిమెంట్ ఒక్కటే. ఆ స్టాంపు పేపర్ మీద జిరాక్స్ షాపతను కంప్యూటర్‌లో ఉన్న పాత కాపీలో పేర్లు మార్చి ఇచ్చేస్తాడు, మనం సంతకం పెట్టేస్తాం, అందులో సాధారణంగా "ఓనర్ ఎప్పుడైనా తనిఖీ చేయవచ్చు" అని కూడా ఉంటుంది. ఆ "ఎప్పుడైనా" కొట్టేయించి "24 గంటల ముందు తెలిపి, అద్దెదారు సమక్షంలో" అని రాయించుకోండి. రెన్యువల్ అప్పుడు మేం అదే చేయించాం, అదనంగా ఒక్క రూపాయి ఖర్చు లేదు.

డాలస్‌లో ఉండే మా తమ్ముడు ఇదంతా విని నవ్వి, ఇక్కడా అంతేనక్కా అన్నాడు. కాలిఫోర్నియాలో అయితే 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు అని చట్టంలోనే ఉందట, టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు, లీజులో ఏం రాసుకుంటే అదే. వాళ్ల అపార్ట్‌మెంట్ మేనేజర్ దగ్గరా తాళంచెవి ఉంటుంది, కాకపోతే సోఫాలో కూర్చోరు.

సిలిండర్ మెసేజ్ తర్వాత ఏమైందంటే, రెండు రోజులు కింద ఎవరూ పలకలేదు, మోటర్ మా టైముకి వేయలేదు, ఆంటీ మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పుకున్నారు. మూడో రోజు అంకుల్ పైకి వచ్చి బెల్ కొట్టారు. అవును, బెల్ కొట్టారు. "మీరు లేనప్పుడు పైపు పగిలితే నీళ్లన్నీ మా సీలింగ్‌లోకే కదమ్మా, అప్పుడు నేనేం చేయాలి?" అని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే, దానికి జవాబు మనం సిద్ధంగా పెట్టుకోవాలి. ఒక తాళంచెవిని కవర్‌లో పెట్టి అంటించి, అతుకు మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, ఎదురు పోర్షన్‌లో ఉండే రిటైర్డ్ టీచర్ గారికి ఇద్దామన్నాం. నిజంగా ఎమర్జెన్సీ వస్తే మాకు ఫోన్ చేసి, ఆయన సమక్షంలో కవర్ చింపి తెరవొచ్చు. కాసేపు ఆలోచించి సరేనన్నారు. మాస్టారి బీరువాలో ఆ కవర్ ఇప్పటికీ చింపకుండానే ఉంది. పైపూ పగల్లేదు, లీకేజీలన్నీ ఎందుకో మేం ఉన్నప్పుడే వస్తున్నాయి.

ఇంకో రెండు చిన్న విషయాలు. తలుపు మూస్తే దానంతటదే పడిపోయే నైట్ ల్యాచ్ పెట్టమని కొందరు చెప్తారు, చిన్నపిల్లలున్న ఇంట్లో మాత్రం వద్దు, తల్లి చెత్త పారేయడానికి బయటికి అడుగుపెట్టగానే తలుపు పడుతుంది, పిల్ల లోపల ఉంటుంది. రెండోది, తాళంకప్ప వేసుకునే గడియ ఉన్నవాళ్లు దాని స్క్రూలు ఒకసారి చూసుకోండి. గోద్రెజ్ నవ్‌తాల్ లాంటి గట్టి తాళం వేసి గడియని అరంగుళం మేకులకి వదిలేస్తే తాళం పట్టుకుని లాగినా గడియతో సహా ఊడొస్తుంది.

ఖాళీ చేసేటప్పుడు పాత సిలిండర్ తిరిగి బిగించడం మర్చిపోవద్దు, లేకపోతే అడ్వాన్స్‌లో కోసేసుకోడానికి అదొక సాకు అవుతుంది. మేం దాన్ని, దాని స్క్రూతో, పాత తాళంచెవులతో కలిపి ఒక డబ్బాలో వేసి, మీద మార్కర్‌తో "తాళం, ఓనర్‌ది" అని రాసి పెట్టాం. నోటీస్ పీరియడ్‌లో కొత్తవాళ్లకి ఇల్లు చూపిస్తామని వస్తారు కదా, దానికి ఆదివారం పదింటి నుంచి ఒంటిగంట దాకా అని ముందే టైము చెప్పేయండి, బ్రోకర్‌కి కూడా అదే చెప్పండి, ఆ టైముకి ఇంట్లోనే ఉండండి.